థర్మల్ కెమెరాకు కనబడనివి: ప్రత్తి, మిరప పొలాల్లో సలహాకు ముందు చేయవలసిన పరీక్ష

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప మైదానాల్లో డ్రోన్ల వినియోగం మందుల పిచికారీతో మొదలై క్రమంగా పంట పరిశీలన వైపు సాగుతోంది. 2021లో కేంద్ర ప్రభుత్వం డ్రోన్ నియమాలను సరళీకరించింది. 2023 నవంబరులో 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు సమకూర్చే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఈ రోజు మందు చల్లుతున్న యంత్రం రేపు కెమెరాను మోస్తుంది. ఆ కెమెరాల్లో రైతును, విద్యార్థిని, శాస్త్రవేత్తను ఒకే విధంగా ఆకర్షించేది పొలం వేడిని రంగుల్లో చూపే థర్మల్ కెమెరా. నీలం చల్లదనానికి, ఎరుపు వేడికి గుర్తులుగా తెర మీద పొలమంతా పరచుకున్నప్పుడు, ఎర్రగా ఉన్న చోట నీటి ఎద్దడి ఉన్నదని చెప్పివేయడం చాలా సులువుగా తోస్తుంది.

ఆ సులువులోనే ప్రమాదం ఉన్నదని ఈ వ్యాసం అభిప్రాయం. థర్మల్ కెమెరా ఏమి చూపుతుందో బోధించడానికి ముందు, దాని కంటికి ఏ వస్తువు ఏ విధంగా అడ్డు నిలుస్తుందో విద్యార్థులు తమ చేతులతో పరీక్షించి తెలుసుకోవాలి. అందుకు ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. వంటింట్లో, కల్లంలో, పొలం గట్టున దొరికే పాలిథీన్ సంచి, గాజు పలక, అల్యూమినియం పళ్ళెం, గోనె పట్టా, తడిగుడ్డ, దోసెడు దూది చాలు. ఈ కెమెరాల చరిత్రలో పెద్ద భాగం సైనిక అవసరాలతో ముడిపడి ఉంది. ఏ వస్తువు వేడిని దాచగలదన్న ప్రశ్న అక్కడ ఎదుటివారి కంటబడకుండా ఉండటానికి సంబంధించినది. వ్యవసాయంలో అదే ప్రశ్న మన పరికరం ఎక్కడ గుడ్డిదవుతుందో చెబుతుంది.

కెమెరా కొలిచేది ఏమిటి

పరారుణ కిరణాలను విలియం హెర్షెల్ 1800లో గుర్తించాడు. ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి ఈ కిరణాలను వెలువరిస్తుంది. పొలాల్లో వాడే థర్మల్ కెమెరాలు ప్రధానంగా 8 నుంచి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను గ్రహిస్తాయి. అంటే కెమెరా నేరుగా ఉష్ణోగ్రతను కొలవడం లేదు. తన వైపు వచ్చిన కిరణాల మొత్తాన్ని కొలిచి, దాని నుంచి ఉష్ణోగ్రతను లెక్క కట్టి చెబుతోంది. ఆ మొత్తంలో మూడు భాగాలు కలిసి ఉంటాయి. వస్తువు స్వయంగా వెలువరించినది ఒకటి. ఆకాశం నుంచో పరిసరాల నుంచో వచ్చి ఆ వస్తువు మీద ప్రతిఫలించినది మరొకటి. మధ్యలోని గాలి, తేమ చేర్చినదీ తగ్గించినదీ మూడవది.

ఒక వస్తువు తన ఉష్ణోగ్రతకు తగిన కిరణాలను ఎంత నిజాయితీగా వెలువరిస్తుందో చెప్పే గుణాన్ని ఉద్గారత అంటాము. దీని గరిష్ఠ విలువ 1. పచ్చని ఆకులకు, నీటికి ఇది సుమారు 0.95 నుంచి 0.98 వరకు ఉంటుంది. మెరిసే అల్యూమినియానికి 0.1 లేదా అంతకంటే తక్కువ. ఉద్గారత తగ్గిన మేరకు ఆ వస్తువు అద్దంలా ప్రవర్తిస్తుంది; తన వేడిని దాచి, ఎదుట ఉన్నదాని వేడిని చూపుతుంది.

ఒక స్థూల లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఎండలో 55 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిన అల్యూమినియం పళ్ళెం ఉద్గారత 0.1 అనుకుందాం. దానికి పైన నిర్మలమైన పొడి ఆకాశం కెమెరా దృష్టిలో మైనస్ 20 డిగ్రీలకు సమానమని తీసుకుందాం. కెల్విన్ ఉష్ణోగ్రతల నాలుగవ ఘాతాలను 0.1, 0.9 పాళ్ళలో కలిపితే కెమెరా చెప్పే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 9 డిగ్రీలు. ముట్టుకుంటే చేయి కాలే పళ్ళెం తెర మీద మంచుగడ్డలా కనిపిస్తుందన్నమాట. అదే పళ్ళెం మీద కరెంటు పనివారు వాడే నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి అంటిస్తే, ఆ ముక్క మాత్రం అసలు వేడికి చాలా దగ్గరగా కనిపిస్తుంది. పళ్ళెం ఒకటే, వేడి ఒకటే. పై పొర మారగానే సాక్ష్యం మారిపోయింది. ఈ ఒక్క ప్రయోగాన్ని కళ్ళారా చూసిన విద్యార్థి రంగుల చిత్రాన్ని ఆ తరువాత గుడ్డిగా నమ్మడు.

నిత్యోపయోగ వస్తువుల సాక్ష్యం

పాలిథీన్, గాజు రెండింటినీ పక్కపక్కన ఉంచి పరీక్షిస్తే కంటికీ కెమెరాకూ ఉన్న తేడా తెలుస్తుంది. గాజు పలక మన కంటికి పారదర్శకం. 8–14 మైక్రోమీటర్ల కిరణాలకు అది గోడతో సమానం. దాని వెనుక నిలబడిన మనిషి థర్మల్ చిత్రంలో కనిపించడు. పలుచని నల్ల పాలిథీన్ సంచి కథ దీనికి వ్యతిరేకం. కంటికి ఏమీ కనిపించనీయని ఆ సంచిలో చేయి పెడితే, కెమెరాకు వేళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. అయితే అదే సంచి లోపలి వైపు సన్నని నీటి బిందువుల పొర పట్టిందంటే దృశ్యం మసకబారి మాయమవుతుంది. మిల్లీమీటరులో పదవ వంతు మందం గల నీటి పొర కూడా ఈ కిరణాలను ఆపివేయగలదు.

ఇందులో వ్యవసాయ విద్యార్థికి నేరుగా పనికివచ్చే పాఠం ఉంది. పాలీహౌస్ పైకప్పుగా వాడే సాధారణ పాలిథీన్ రాత్రివేళ లోపలి వేడిని ఆకాశానికి ఎందుకు వదిలివేస్తుందో, లోపలి వైపు తేమ పట్టినప్పుడు ఆ నష్టం ఎందుకు తగ్గుతుందో, పరారుణ కిరణాలను ఆపే పదార్థాలను కలిపిన పటలాలను ఎందుకు తయారు చేస్తారో ఈ ఒక్క సంచి వివరిస్తుంది.

గోనె పట్టా, నూలుగుడ్డ, దూది వేరే తరగతికి చెందినవి. వీటి ఉద్గారత ఎక్కువ కనుక తమ ఉపరితలపు వేడిని ఇవి నిజంగానే చూపుతాయి. దాచేది లోపలి వేడిని. వేడి పాత్ర మీద కప్పిన పొడి గోనె మొదట చల్లగానే కనిపిస్తుంది. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా వేడెక్కి కనిపిస్తుంది. అదే గోనెను తడిపితే ఆవిరి రూపంలో వేడి పోవడం వల్ల గాలి కంటే చల్లగా కూడా ఉండవచ్చు. కాబట్టి ఒక వస్తువు వేడిని ‘దాచింది’ అనే మాటకు నాలుగు వేర్వేరు అర్థాలు ఉన్నాయి. గాజులా కిరణాలను ఆపవచ్చు. లోహంలా ఇతరుల వేడిని ప్రతిఫలించవచ్చు. దూదిలా వేడి పైకి రావడాన్ని ఆలస్యం చేయవచ్చు. తడిగుడ్డలా నిజంగానే చల్లబరచవచ్చు. పొలంలో ఎదురయ్యే ప్రతి పొరపాటూ ఈ నాలుగింటిలో ఏదో ఒక దానికి చెందుతుంది. ఈ వర్గీకరణ తెలియని వ్యక్తికి అన్ని పొరపాట్లూ ‘కెమెరా లోపం’గానే కనిపిస్తాయి.

నల్లరేగడిలో వేడెక్కిన ప్రత్తి

మొక్కకు నీరు తగ్గినప్పుడు పత్రరంధ్రాలు మూసుకుంటాయి, బాష్పోత్సేకం తగ్గుతుంది, ఆకు వేడెక్కుతుంది. ఈ సూత్రం ఆధారంగా 1981లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో ఇడ్సో, జాక్సన్, వారి సహచరులు పైరు నీటి ఎద్దడి సూచికను రూపొందించారు. సూత్రంలో దోషం లేదు. అయితే పత్రరంధ్రాలు మూసుకోవడానికి నీటి కొరత ఒక్కటే కారణం కాదన్న సంగతి సూత్రాన్ని అన్వయించేవారు మరచిపోకూడదు.

మన నల్లరేగడి భూముల్లో కొంతకాలం బెట్ట తరువాత భారీ వర్షం కురిసి, నీరు నిలిచి, ఆ వెంటనే ఎండ కాసినప్పుడు, కాయలతో ఉన్న ప్రత్తి మొక్కలు గంటల వ్యవధిలో వాలిపోవడం రైతులందరికీ తెలిసిన దృశ్యమే. దీనిని పారావిల్ట్ లేదా ఆకస్మిక వడలు అంటున్నాము. వేళ్ళకు గాలి అందక అవి నీటిని పీల్చలేని స్థితి అది. నేలలో నీరు ఎక్కువైనందున మొక్క దాహంతో ఉంటుంది. థర్మల్ చిత్రంలో ఆ మొక్క ఎర్రగా కనిపిస్తుంది. ఎండు తెగులు సోకిన మొక్కా, వేరుకుళ్ళు సోకిన మొక్కా, నిజంగా నీరు లేక వాడిన మొక్కా అదే ఎరుపులో ఉంటాయి. మొదటి సందర్భంలో చేయవలసిన పని నిలిచిన నీటిని వెంటనే బయటకు తీయడం. ఎర్రని చిత్రాన్ని చూసి నీరు పెట్టమని సలహా ఇస్తే చేజేతులా పంటను చంపినట్లే. నేల కెమెరా నుంచి దాచినది ఇక్కడ వేరు. ఆ దాపరికాన్ని ఛేదించే పరికరం పలుగు లేదా పార. ఒక మొక్క పక్కన జానెడు లోతు తవ్వి చూడటం.

రెండవ చిక్కు చిత్రంలోని బిందువు పరిమాణం. సెన్సరులో ఒక్కొక్క బిందువు 12 మైక్రోమీటర్లు, కటక నాభ్యంతరం 13 మిల్లీమీటర్లు ఉన్న కెమెరా 60 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే నేల మీద ఒక బిందువు సుమారు 5.5 సెంటీమీటర్లు. 120 మీటర్ల ఎత్తులో అది 11 సెంటీమీటర్లు. నాటిన నెల రోజుల ప్రత్తిలో, మిరపలో ఇటువంటి బిందువులు చాలావరకు ఆకును, నేలను కలిపి చూస్తాయి. 32 డిగ్రీల ఆకు సగం, 52 డిగ్రీల ఎండిన నేల సగం ఉన్న బిందువు దాదాపు 42 డిగ్రీలుగా నమోదవుతుంది. సాళ్ళు పూర్తిగా కప్పుకున్న మరో పొలంలో నిజంగా ఎద్దడికి గురైన ఆకు 36 డిగ్రీలే ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న లేత పైరు ఎర్రగా, బాధలో ఉన్న ముదురు పైరు పచ్చగా కనిపించే విపరీతం ఈ విధంగా ఏర్పడుతుంది. నేల స్వభావం కూడా ఇందులో కలుస్తుంది. సిలికా అధికంగా ఉన్న ఇసుకలో 8 నుంచి 9.5 మైక్రోమీటర్ల మధ్య ఉద్గారత తగ్గుతుంది. బాపట్ల తీరప్రాంతపు ఇసుక నేలనూ పెదనందిపాడు నల్లరేగడినీ కెమెరాలో ఒకే ఉద్గారతతో కొలవడం సరికాదు.

మూడవది గాలిలోని తేమ. ఫీనిక్స్ ఎడారి ప్రాంతం. అక్కడి పొడిగాలిలో నీరు అందిన పైరుకూ అందని పైరుకూ ఉష్ణోగ్రత తేడా కొట్టొచ్చినట్లు ఉంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన మైదానాల్లో వర్షాకాలపు తేమ గల రోజున ఆవిరి పీడన లోటు తక్కువ. ఆ రోజు బాగా నీరున్న పైరు కూడా గాలి కంటే పెద్దగా చల్లబడదు. రెండింటి మధ్య తేడా కుంచించుకుపోయి, కెమెరా దోషంలోనే కలిసిపోవచ్చు. డ్రోన్లకు అమర్చే సాధారణ థర్మల్ కెమెరాలు ఒకే చిత్రంలోని రెండు చోట్ల మధ్య 0.05 డిగ్రీల తేడాను కూడా పసిగట్టగలవు. కానీ అసలు ఉష్ణోగ్రతను చెప్పడంలో వాటి కచ్చితత్వం ±2 నుంచి ±5 డిగ్రీల వరకు మాత్రమే. సున్నితత్వం వేరు, కచ్చితత్వం వేరు. ప్రచార పత్రాల్లో మొదటి అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

మిరప పొలం, మిరప కల్లం

మిరపలో వెండి–నలుపు రంగుల మల్చింగ్ షీట్ల వాడకం పెరిగింది. 25–30 మైక్రాన్ల ఆ పటలం కెమెరాకు ఒక చిక్కుముడి. దాని మీద నమోదయ్యే అంకెలో పటలం సొంత వేడి కొంత, ఆకాశపు ప్రతిఫలనం కొంత, కింద ఉన్న నేల నుంచి చొచ్చుకు వచ్చినది కొంత ఉండవచ్చు. పటలం ఎండలో పాతబడినా, దుమ్ము పట్టినా, మంచు కురిసినా ఈ పాళ్ళు మారుతాయి. షీటు వేసిన మడినీ వేయని మడినీ ఒకే రంగుల కొలబద్దతో పోల్చి షీటు వల్ల నేల ఇంత చల్లబడిందని రాసే ముందు, నేలలో గుచ్చే సాధారణ ఉష్ణమాపకంతో సరిచూసుకోవాలి. ఆకుల మీద కెయోలిన్ వంటి తెల్లని పొడిని పిచికారీ చేసిన పొలంలో పరిస్థితి వేరు. అక్కడ ఆకు నిజంగానే చల్లబడవచ్చు. ఆ చల్లదనం సూర్యరశ్మి ప్రతిఫలించడం వల్ల వచ్చినది కనుక, దానిని నీటి సమృద్ధికి గుర్తుగా తీసుకోరాదు. మందు కొట్టిన వెంటనే, మంచు ఆరకముందు తీసిన చిత్రాలు కూడా ఇటువంటివే. తెర మీద కనిపించేది ఆకు మీది నీటి ఉష్ణోగ్రత.

పురుగుల విషయంలో ఆశలను మరింత అదుపులో ఉంచుకోవాలి. 2021–22లో మన మిరప తోటలను దెబ్బతీసిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామరపురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. అది ప్రధానంగా పూవుల లోపల ఉంటుంది. 5.5 సెంటీమీటర్ల బిందువుతో చూసే కెమెరా దానిని పట్టగలదని చెప్పడం అసత్యం. పూత రాలి, ఆకు ముడుచుకొని, మొక్క కుంగిన తరువాత వచ్చే ఉష్ణ మార్పు కనబడవచ్చు. అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది. ప్రత్తి కాయ లోపల ఉన్న గులాబీ రంగు పురుగుకు కాయ గోడే కవచం. పూవును విదిలించి చూడటానికి, కాయను కోసి చూడటానికి, లింగాకర్షక బుట్టలో పడిన రెక్కల పురుగులను లెక్కించడానికి ప్రత్యామ్నాయం ఆకాశం నుంచి ఇంకా రాలేదు.

కల్లంలో ఆరబోసిన మిరపకాయల దగ్గర కూడా ఇదే నియమం వర్తిస్తుంది. కాయలో తేమ 10–11 శాతానికి దిగే వరకు ఆరబెట్టాలని చెబుతున్నాము. పైన ఉన్న కాయలు ఎండకు వేడెక్కి ఒకే రంగులో మెరుస్తున్నప్పుడు, అడుగు పొరలో తడి మిగిలి బూజు పట్టే అవకాశం ఉంటుంది. రాసిని తిరగవేసి, లోపలి కాయను విరిచి చూసే రైతు అనుభవానికి థర్మల్ చిత్రం తోడు కాగలదు; దాని స్థానాన్ని తీసుకోలేదు.

దూది దాచే నిప్పు

థర్మల్ కెమెరా మీద అతినమ్మకం ప్రాణాపాయానికి దారితీసే చోటు జిన్నింగు మిల్లు. ప్రత్తితో కలిసి వచ్చిన రాయి, ఇనుప ముక్క యంత్రానికి తగిలి నిప్పురవ్వ పుట్టడం, అది దూదితో పాటు బేలులోకి చేరడం ఈ పరిశ్రమకు కొత్త కాదు. మన దేశంలో ఒక బేలు ప్రామాణిక బరువు 170 కిలోలు. అంత గట్టిగా అదిమిన దూదిలో నిప్పు మంట లేకుండా రోజుల తరబడి కుములుతుంది.

అటువంటి బేలు ముందు కెమెరా పెట్టి, చల్లగా ఉన్నదని నిర్ధారించడం ఎంతవరకు సమంజసం? ఒక అంచనా వేయవచ్చు. అదిమిన దూదిలో వేడి వ్యాపించే రేటు సెకనుకు ఒక చదరపు మిల్లీమీటరులో పదవ వంతు క్రమంలో ఉంటుందనుకుంటే, 25 సెంటీమీటర్ల లోతులోని వేడి ఉపరితలానికి చేరడానికి పట్టే కాలం సుమారు ఒక వారం. మొదటి రోజు తీసిన చిత్రం ఆ నిప్పు గురించి ఏమీ చెప్పదు. చల్లని ఉపరితలం భద్రతకు హామీ కాదు. వేడిమచ్చ కనిపిస్తే ప్రమాదం ఉన్నట్లే. కనిపించకపోతే ప్రమాదం లేదని అర్థం చేసుకోరాదు. అనుమానం ఉన్న బేళ్ళను విడిగా, ఆరుబయట, రోజుల తరబడి గమనించే పాత పద్ధతినే కొనసాగించి, కెమెరాను ప్రతిరోజూ ఒకే చోటి నుంచి వాడితే అది నిజంగా ఉపకరిస్తుంది. గిడ్డంగుల్లో పేర్చిన బస్తాలకూ ఇదే తర్కం వర్తిస్తుంది.

గతం నేర్పిన జాగ్రత్త

ఈ జాగ్రత్త అనవసరమని భావించేవారు ఈ జిల్లాల ప్రత్తి చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చినప్పుడు వాటి పనితీరు అద్భుతంగా కనిపించింది. వాటి పరిమితులు రైతులకు తెలియక ముందే వాడకం హద్దు మీరింది. ఆ దశాబ్దపు మధ్యకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విజృంభించింది. 1987–88లో శనగపచ్చ పురుగు ప్రత్తిని తుడిచిపెట్టింది. అప్పుల పాలైన రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. ఆ విషాదానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి మాత్రం విస్తరణ వ్యవస్థ ఎన్నటికీ మరువరానిది: ఒక సాధనం ఏమి చేయగలదో ఊరూరా చాటి, ఏమి చేయలేదో చెప్పడంలో ఆలస్యం జరగడం.

థర్మల్ కెమెరా విషం కాదు; పొలాన్ని నేరుగా పాడు చేయదు. కానీ దాని పేరుతో ఇచ్చే సలహా నీటిని, మందును, కూలిని, పెట్టుబడిని కదిలిస్తుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూముల్లో ఒక తడి ఎక్కడ పెట్టాలన్నది కుటుంబం ఏడాది బ్రతుకును నిర్ణయించే విషయం. కౌలు రైతు ఆ నిర్ణయంలో పొరపాటును భరించలేడు.

ఒక అభ్యంతరానికి సమాధానం

లోపాలన్నీ ముందుగా ఏకరువు పెడితే విద్యార్థులు, రైతులు కొత్త పరిజ్ఞానానికి దూరమవుతారని, అసంపూర్ణమైన సమాచారమైనా ఏమీ లేకపోవడం కంటే మేలని కొందరు వాదించవచ్చు. ఈ వాదనలో సత్యం లేకపోలేదు. వంద ఎకరాల్లో ఎక్కడికి ముందుగా నడిచి వెళ్ళాలో థర్మల్ చిత్రం పది నిమిషాల్లో చెప్పగలదు. బిందు సేద్యపు గొట్టం ఎక్కడ పూడుకుపోయిందో, సాళ్ళలో నీరు ఎక్కడ ఆగిపోయిందో చూపడంలో దానికి సాటి తక్కువ. ఇవన్నీ ఒకే పొలంలో, ఒకే సమయంలో, ఒక చోటును మరొక చోటుతో పోల్చే పనులు. అక్కడ కెమెరా సున్నితత్వం ఉపయోగపడుతుంది, కచ్చితత్వం అడ్డు రాదు.

అయితే అసంపూర్ణ సమాచారం మేలు చేయాలంటే అది అసంపూర్ణమని వాడేవారికి తెలిసి ఉండాలి. నాడి చూసే వైద్యుడు నాడితోనే శస్త్రచికిత్స నిర్ణయించడు. పరిమితులు తెలిసిన విద్యార్థి పరికరానికి దూరం కాడు. దానిని ఎప్పుడు బయటకు తీయాలో, ఎప్పుడు పెట్టెలో ఉంచాలో తెలిసినవాడవుతాడు. మొదటి తప్పుడు సలహాతో నష్టపోయిన రైతు మాత్రం కెమెరాకే కాక, దానిని తెచ్చిన సంస్థకూ దూరమవుతాడు.

ఒక రోజు ప్రయోగం

ఈ దృష్టితో వ్యవసాయ కళాశాలల్లోనూ, కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ, ఏరువాక కేంద్రాల్లోనూ థర్మల్ కెమెరా శిక్షణకు ముందు ఒక రోజు ప్రయోగ తరగతిని తప్పనిసరి చేయాలని ప్రతిపాదన. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్ళే చివరి సంవత్సరం విద్యార్థులకు ఇది మరింత అవసరం.

ఉదయం తరగతిలో ఒకే పరిమాణం గల పాత్రల్లో సుమారు 60 డిగ్రీల వేడినీరు పోసి, ఒక్కొక్క దాని ముందు ఒక్కొక్క అడ్డు ఉంచాలి: గాజు పలక, పలుచని పాలిథీన్, అదే పాలిథీన్ తడిపి, మల్చింగ్ షీటు, అల్యూమినియం రేకు, పొడి గోనె, తడి గోనె, రెండంగుళాల దూది, టార్పాలిన్ పట్టా, ఒక పచ్చని ప్రత్తి ఆకు. ప్రతి దానికీ విద్యార్థి ముందుగా తన ఊహను రాయాలి. తరువాత మొదటి నిమిషంలో, పదవ నిమిషంలో, అరవయ్యవ నిమిషంలో చిత్రం తీసి, స్పర్శ ఉష్ణమాపకం చెప్పిన అంకెతో సరిచూడాలి. ఊహకూ ఫలితానికీ తేడా వచ్చిన చోట, పైన చెప్పిన నాలుగు రకాల దాపరికాల్లో ఏది పనిచేసిందో గుర్తించాలి. నాటు ఊహను ముందే రాయించడం ఇందులో కీలకం. ఫలితం చూశాక అందరికీ అంతా ముందే తెలిసినట్లు అనిపిస్తుంది.

మధ్యాహ్నం పొలంలో హామ్లిన్ జోన్స్ ప్రచారంలోకి తెచ్చిన సరళ పద్ధతిని అనుసరించవచ్చు. ఒక ఆకును నీటితో తడిపి ఉంచాలి. మరొక ఆకుకు రెండు వైపులా వాజలీన్ పూస్తే పత్రరంధ్రాలు మూసుకుపోయి అది పూర్తి ఎద్దడికి నమూనా అవుతుంది. తడి ఆకు 27 డిగ్రీలు, వాజలీన్ ఆకు 37 డిగ్రీలు, పైరు 30 డిగ్రీలు ఉంటే ఎద్దడి సూచిక 0.3. ఈ మూడూ ఒకే చిత్రంలో ఉండటం వల్ల కెమెరా కచ్చితత్వ దోషం, ఆకాశ ప్రతిఫలనం చాలావరకు రద్దవుతాయి. తడి ఆకుకూ వాజలీన్ ఆకుకూ మధ్య తేడా మరీ తక్కువగా ఉన్న రోజున సూచికను లెక్కించకుండా వదిలివేయాలి. ఈ రోజు కెమెరా ఏమీ చెప్పలేదని నమోదు పుస్తకంలో రాయడం కూడా ఒక శాస్త్రీయ ఫలితమే.

దీనికి తోడుగా సలహా పత్రాల్లో మూడు నియమాలు పాటించాలి. మొదటిది, థర్మల్ చిత్రంతో పాటు తీసిన సమయం, గాలి ఉష్ణోగ్రత, తేమ శాతం, ఆకాశ స్థితి, చివరి తడి లేదా వర్షం తేదీ, పైరు వయసు తప్పక రాయాలి. రెండవది, ఎర్రగా కనిపించిన చోట్లలో కనీసం మూడింటిని, చల్లగా కనిపించిన చోట్లలో కనీసం రెండింటిని నడిచి వెళ్ళి, వేరు తవ్వి, పూవు విదిలించి చూడనిదే సలహా ఇవ్వరాదు. మూడవది, చిత్రం దేనిని చూపలేదో ఒక వాక్యంలో రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. ‘ఈ చిత్రం ఆకు పైభాగపు వేడిని మాత్రమే చూపుతుంది, వేరులోని తెగులును, పూవులోని పురుగును చూపదు’ అన్న వాక్యం ప్రతి పత్రం అడుగున ముద్రించడానికి పైసా ఖర్చు కాదు.

వచ్చే కొన్నేళ్ళలో ఈ కెమెరాల ధరలు తగ్గుతాయి, వాటి చిత్రాలను చదివి తానే సలహా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లు కూడా పెరుగుతాయి. అప్పుడు రైతుకూ తెరకూ మధ్య నిలబడి ప్రశ్నించగల వ్యక్తి విస్తరణ కార్యకర్త ఒక్కడే. ఆ ప్రశ్న అడగగల సామర్థ్యం ఉపన్యాసంతో రాదు. పాలిథీన్ సంచిలో తన వేళ్ళు కనిపించడం, గాజు వెనుక తన ముఖం మాయమవడం, కాలే పళ్ళెం మంచులా కనిపించడం తానుగా చూసినవారికే వస్తుంది. రానున్న ఖరీఫ్ శిక్షణ ప్రణాళికల్లో ఈ ఒక్క రోజుకు చోటు కల్పించడం మన చేతిలో ఉన్న పని.